ఆవులతో పాటు మానేసిన మందు

లాయిడ్ హార్కమ్ తన అరవై ఏళ్ళ బతుకులో ఒకే ఒక్కసారి ఆవుని కొట్టాడు. ఆ మాట చెబితే స్మిత్టన్ చుట్టుపక్కల పాడి రైతులెవరూ నమ్మరు. ఆవుల దగ్గర గొంతు పెంచని మనిషిగా అతనికి పేరు. నాతో కంటే ఆ మందతోనే మర్యాదగా మాట్లాడతాడని భార్య గ్లెనిస్ పెళ్ళయిన కొత్తల్లో మొదలుపెట్టిన ఎగతాళి ఇప్పటికీ మానలేదు. అది నిజమే కాబట్టి అతనూ ఎప్పుడూ కాదనలేదు.

వాళ్ళ పొలం ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవి వాయవ్య మూలన, సముద్రపు గాలి ఏడాది పొడవునా కొట్టే చోట ఉంది. తాత అడవి కొట్టి చదును చేశాడు, తండ్రి పాల షెడ్డు కట్టాడు, లాయిడ్ ఆ షెడ్డులోనే పెరిగాడు. స్కూల్లో ఏం నేర్చుకున్నాడో అడిగితే తెల్లమొహం వేస్తాడు గానీ, తండ్రి ఆవుల గురించి చెప్పిన ప్రతి మాటా అతనికి కంఠతా వచ్చు. తండ్రి పోయి చాలా కాలమైనా, ఏ పనిలోనైనా సందేహం వస్తే "మా నాన్న ఏమనేవాడంటే" అని మొదలుపెడతాడు. గ్లెనిస్ వంటింట్లోకి లేచి వెళ్ళిపోతుంది.

ఆరేడేళ్ళ కిందట ఒక చలికాలంలో అతనికి జబ్బు చేసింది. జ్వరం కాదు, దెబ్బ కాదు. ఉన్నట్టుండి మనిషి లోపల దీపం ఆరిపోయినట్టయింది. ఎవరూ పోలేదు, అప్పులు లేవు, వానలు బాగానే పడ్డాయి, పాలకి ధర ఉంది. అయినా పొద్దున్నే మంచం మీంచి కాళ్ళు కింద పెట్టడానికి గంట పట్టేది. తిండి ముందు పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. కారణం లేకుండా జబ్బేమిటని అతనికే సిగ్గుగా ఉండేది. చివరికి గ్లెనిస్ బండిలో ఎక్కించి దూరంగా బర్నీ పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డిప్రెషన్ అన్నారు, మాత్రలు రాశారు. తుపాకీ బీరువా తాళం చెవి ఆమె పక్క పొలం వాళ్ళకి ఇచ్చి దాచమంది. వాళ్ళు ఎందుకని అడగలేదు.

మాత్రలు పనిచేశాయి. నెమ్మదిగా మనిషి తిరిగొచ్చాడు, కూనిరాగాలు తీశాడు, మళ్ళీ ఆవులకి పేర్లు పెట్టాడు. కానీ ఆ సంగతి మూడో మనిషికి తెలియకూడదు. స్మిత్టన్ మందుల షాపులో కొంటే సాయంత్రానికి క్లబ్బులో అందరి నోళ్ళలో నానుతుందని, గ్లెనిస్ గంటన్నర ప్రయాణం చేసి బర్నీలో కొనుక్కొచ్చేది. కిటికీ తెరల గుడ్డ కోసం వెళ్తున్నానని చెప్పేది. వాళ్ళింట్లో ఉన్న కిటికీలకి అన్ని తెరలు ఎందుకని ఎవరికీ అనుమానం రాకపోవడం అదృష్టం.

ఇక అసలు సంగతి. ఆ వైపు ఆవులన్నీ చలికాలం చివర ఒకేసారి ఈనుతాయి. అందుకని చలి మొదలవగానే చూడి ఆవులన్నిటికీ ఒకేసారి పాలు తీయడం ఆపేసి, ఈనేదాకా విశ్రాంతి ఇస్తారు. ఆ ఆపడంలో లాయిడ్ తండ్రికి ఒక పట్టుదల ఉండేది. రోజు విడిచి రోజు పిండుతూ, పూటపూటకీ కాస్త తగ్గిస్తూ నాన్చితే పొదుగు పాడవుతుందని అతని నమ్మకం. చివరిసారి శుభ్రంగా పిండెయ్యి, చీము పట్టకుండా చన్నుల్లో మందు ఎక్కించు, షెడ్డుకి దూరంగా గడ్డి తక్కువున్న పొలంలోకి తోలెయ్యి, మళ్ళీ ముట్టుకోకు. నాలుగు రోజులు పొదుగు సలుపుతుంది, ఆవు అరుస్తుంది. తర్వాత అంతా సర్దుకుంటుంది.

ఈ ఏడాది పాలు ఆపేసిన రోజు లాయిడ్ మంచి ఉషారు మీద ఉన్నాడు. చివరి ఆవు గేటు దాటాక షెడ్డు కడిగాడు. రబ్బరు బూట్లు విప్పుతూ జేబులోంచి మాత్రల పెట్టె తీశాడు. ఒంట్లో బాగానే ఉంది. ఏళ్ళ తరబడి మింగుతున్నాడు. ఇంకా ఎన్నాళ్ళు? ఖాళీ మందు గొట్టాలు పడేసిన చెత్త డబ్బాలోనే దాన్ని కూడా పడేశాడు.

"ఆవులతో పాటు నేనూ ఆపేశా," అన్నాడు ఇంట్లోకి వస్తూనే.

గ్లెనిస్ చేతిలో గరిట అలాగే ఆగింది. "ఏమాపేశావు? మాత్రలా? డాక్టర్ని అడిగావా?"

"డాక్టర్ని అడిగేదేముంది? మా నాన్న ఏమనేవాడంటే—"

"మీ నాన్న ఆవుల గురించి అన్నాడయ్యా."

"ఆపితే ఒక్కసారే ఆపాలి. నాన్చితేనే పాడయ్యేది."

ఆమె గట్టిగా వద్దని అనలేకపోయింది. నిజం చెప్పాలంటే లోలోపల సంతోషించింది కూడా. ఇక బర్నీ తిరగక్కర్లేదు, తెరల కథలు అల్లక్కర్లేదు, మొగుడు పూర్తిగా బాగుపడ్డాడు. ఆ రాత్రి భోజనంలోకి అతనికి ఇష్టమైన ఆపిల్ వంటకం చేసింది. ఆ తర్వాత ఆ వంటకం గుర్తొచ్చినప్పుడల్లా తనని తనే తిట్టుకుంది.

రెండు మూడు రోజులు ఏమీ కాలేదు. తర్వాత తల తిరగడం మొదలైంది. కళ్ళు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పితే చాలు, తల లోపల చిన్న కరెంటు దెబ్బ. మేత పొలం చుట్టూ కట్టిన కరెంటు తీగకి చెయ్యి తగిలితే ఎలా ఉంటుందో లాయిడ్‌కి చిన్నప్పటి నుంచి తెలుసు. ఇది అదే దెబ్బ, పుర్రె లోపల. కడుపులో వికారం. నిద్ర పడితే కలలు, ఒక కల అయిపోకముందే ఇంకోటి. లేచేసరికి దుప్పటి చెమటకి తడిసిపోయేది. పట్టిందల్లా చిరాకు. చెంచా గిన్నెకి తగిలిన చప్పుడుకి కూడా పళ్ళు కొరికేవాడు. అంతలోనే ఏడుపు. రేడియోలో వాతావరణం చెబుతుంటే, బాస్ జలసంధిలో చిన్న పడవలు జాగ్రత్త అన్న మాటకి, ట్రాక్టరు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

నాలుగు రోజుల్లో తగ్గుతుందిలే అనుకున్నాడు. పొదుగు కూడా అంతే కదా. కానీ వారం గడిచినా తగ్గలేదు, ఇంకా ముదిరింది. అప్పుడు భయం పట్టుకుంది. ఆ చలికాలం మళ్ళీ వచ్చిందనుకున్నాడు. మాత్రలు ఇన్నాళ్ళూ జబ్బుని తగ్గించలేదని, దాన్ని అడ్డుకుని నిలబడ్డాయంతేనని, తను ఎప్పటికీ చెడిపోయిన మనిషేనని తీర్మానించుకున్నాడు. గ్లెనిస్‌కి ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె చూస్తూనే ఉంది, ఆమె కూడా అదే అనుకుంది, ఆమె కూడా ఒక్క ముక్క అనలేదు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకే భయాన్ని విడివిడిగా దాచుకుని తిరిగారు.

ఆవుని కొట్టింది అప్పుడే. విశ్రాంతిలో ఉన్న మందని రోడ్డు దాటించి అవతలి పొలంలోకి తోలుతున్నాడు. పెర్ల్ అనే ముసలి ఆవు రోడ్డు మధ్యలో ఆగి నిలబడింది. అది ప్రతిసారీ అక్కడ ఆగుతుంది, రోడ్డు వాసన చూస్తుంది, తర్వాత తన దారిన తను కదులుతుంది. ప్రతిసారీ లాయిడ్ "కానీ తల్లీ, నీ ఇష్టం" అంటూ నిలబడేవాడు. ఆ రోజు అతని చేతిలో అదిలించడానికి పట్టుకున్న నల్ల పైపు ముక్క ఉంది. తలలో వరసగా కరెంటు కొడుతోంది. దాని ముక్కు మీద బలంగా కొట్టాడు. ఆవు అరవలేదు. వెనక్కి జరిగి అతని మొహం కేసి చూసింది. పైపుని కాలవలోకి విసిరేసి, మంద దాటాక అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

మర్నాడు పశువుల ఏజెంటు డెస్‌కి ఫోన్ చేశాడు. డెస్, లాయిడ్ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఈ మూలన అమ్మినా కొన్నా డెస్ చేతుల మీదుగా జరగాల్సిందే. నోరు ఊరికే ఉండదు.

"మందంతా అమ్మేస్తా. ఈనకముందే," అన్నాడు లాయిడ్.

"ఏంరా, లాటరీ తగిలిందా? లేకపోతే గ్లెనిస్ ఇంట్లోంచి తరిమేసిందా?"

"మోకాళ్ళు పట్టేశాయి. ఇక నావల్ల కాదు."

"నీ మోకాళ్ళ సంగతి పదో తరగతి నుంచి వింటున్నా. సరేలే, మంచి ఆవులు, కొనేవాడికి కొదవా? కబురు చేస్తా."

ఫోన్ పెట్టేశాక వెనక్కి తిరిగితే గ్లెనిస్ గుమ్మంలో ఉంది. మాటలన్నీ విన్నది. తాతలనాటి మంద. ఒక్కో ఆవుకి తల్లి ఎవరో, అమ్మమ్మ ఎవరో ఈ మనిషి నిద్రలో చెప్పగలడు. ఆవులు పోయాక పొద్దున్నే లేవడానికి ఇతనికి ఇంకేం మిగులుతుంది? 

"మోకాళ్ళు కాదు కదా?" అంది.

"మళ్ళీ వచ్చింది గ్లెన్."

"నాకు తెలుస్తూనే ఉంది."

"నిన్న పెర్ల్‌ని కొట్టాను. మొహం మీద." అని మళ్ళీ ఏడ్చాడు. చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, తుడిచినకొద్దీ కారుతూ, అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నోరులేని జీవాన్ని కొట్టినవాడికి ఆవులెందుకు? ఎవరైనా మంచివాడి చేతిలో పడనీ."

గ్లెనిస్ అతని పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఏడుపు తగ్గేదాకా అలాగే కూర్చుంది. ఆ కూర్చోవడంలోనే ఆమెకి ఏదో తేడా కొట్టింది. పాత చలికాలం గుర్తు చేసుకుంది. ఇద్దరూ ఒకటే జబ్బు అనుకుంటున్నారు గానీ, ఇది ఆ మనిషేనా?

"లాయిడ్, అప్పుడు నువ్వు ఏడవలేదు," అంది.

"ఏంటి?"

"అప్పుడు. ఆ చలికాలం. దూడ అడ్డం తిరిగి, నీ చేతుల్లోనే పోయింది, గుర్తుందా? బూట్లు కడుక్కుని వచ్చి టీ తాగావు. ఏమైందంటే పోయింది అన్నావు. అంతే. నేను ఏడ్చాను, నువ్వు గోడకేసి చూశావు. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోను."

అతను తల ఎత్తాడు.

"అప్పుడు నీకు ఏదీ తగల్లేదయ్యా. ఇప్పుడు అన్నీ తగులుతున్నాయి. రేడియో తగులుతోంది, చెంచా తగులుతోంది, పెర్ల్‌ని కొట్టింది తగులుతోంది. ఇది అది కాదు."

"మరేంటి?"

"నాకేం తెలుసు? కానీ టగ్‌కి ఒళ్ళంతా దురదొచ్చి పశువుల డాక్టరు మాత్రలిచ్చాడు చూడు, వాటిని ఎలా మాన్పించావు?"

టగ్ వాళ్ళ కుక్క. పేరు వినగానే బల్ల కింద తోక ఆడించింది.

"తగ్గిస్తూ," అన్నాడు లాయిడ్. "ముందు సగం. తర్వాత పావు. తర్వాత రోజు విడిచి రోజు. ఒక్కసారే ఆపితే కుక్క పడిపోతుందన్నాడు."

"ఒక పూట నేను మర్చిపోతే నన్ను ఎంత తిట్టావు?"

"అది కుక్క గ్లెన్."

"అవును, కుక్క. కుక్కకి చేసినపాటి మర్యాద కూడా నీకు నువ్వు చేసుకోలేదు."

ఆ మధ్యాహ్నమే స్మిత్టన్ వెళ్ళారు. బర్నీ కాదు, స్మిత్టన్. పరువు పోతే పోనీ అనుకుంది గ్లెనిస్, అప్పటికి ఆమెకి అంత కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియని కోపం. డాక్టర్ విజెసూరియ శ్రీలంక నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన మనిషి. రైతులు వేలు తెగి వేలాడుతుంటే తప్ప తన దగ్గరికి రారని ఆవిడకి ఎప్పుడూ ఫిర్యాదే. లాయిడ్ చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా వింది. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడిగింది. లేదన్నాడు, ఆవులకి మొహం చూపించలేకపోతున్నానంతేనన్నాడు. ఈ కరెంటు దెబ్బలు పాత జబ్బులో ఉన్నాయా అని అడిగింది. లేవన్నాడు.

"అయితే ఇది ఎక్కువగా మందు ఒక్కసారి ఆపినందువల్లే," అంది డాక్టరు. "మీ మెదడు ఏళ్ళ తరబడి ఆ మందుతో సర్దుకుని ఉంది. మీరు ఉన్నపళాన లాగేశారు. ఇది మీ బలహీనతా కాదు, మందుకి బానిసైపోవడమూ కాదు. ఇలా ఆపాలని మీకు ఎవరు చెప్పారు?"

"మా నాన్న," అన్నాడు లాయిడ్.

గ్లెనిస్ పైకప్పు కేసి చూసింది. లాయిడ్ పొదుగుల సంగతంతా డాక్టరుకి విడమరిచి చెప్పాడు, చన్నుల్లో మందు ఎక్కించడంతో సహా. ఆవిడ నవ్వలేదు, పాపం.

"పొదుగు విషయంలో మీ నాన్నగారిదే నిజం కావచ్చు హార్కమ్ గారూ. మెదడు పొదుగు కాదండీ. ముందు పాత మోతాదు మళ్ళీ మొదలుపెడదాం. ఈ బాధ చాలావరకు కొద్ది రోజుల్లో సర్దుకోవాలి. తర్వాత, మీకు నిజంగా మానాలని ఉంటే, నెలల తరబడి, కొంచెం కొంచెంగా తగ్గిద్దాం. చివరికి వచ్చేకొద్దీ ఇంకా చిన్న చిన్న అడుగులు. ఎక్కడ ఇబ్బంది వచ్చినా అక్కడే ఆగుతాం. ఏడాది పట్టొచ్చు, ఎక్కువే పట్టొచ్చు. అసలు మానకుండా ఉండిపోయినా తప్పు లేదు."

"అంత నెమ్మదిగానా?"

"మీకేమైనా తొందరపని ఉందా?"

లేదని ఒప్పుకున్నాడు. మందుల షాపులో వరసలో నిలబడితే పాల ట్యాంకరు డ్రైవరు ఎదురుపడి, బాగున్నావా అన్నాడు. బాగాలేను, బాగవుతాను అన్నాడు లాయిడ్. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు.

తేడా మూడో రోజు తెలిసింది. ముందు కరెంటు దెబ్బలు పలచబడ్డాయి, తర్వాత కడుపు కుదురుకుంది, ఆ తర్వాత నిద్ర. ఒక పొద్దున లేచి ఆకలేస్తోందన్నాడు. గ్లెనిస్ పెనం పొయ్యి మీద పెట్టి, అతనికి కనిపించకుండా మొహం తుడుచుకుంది. అతను అవతలి పొలానికి వెళ్ళి పెర్ల్‌కి దూరంగా నిలబడి చాలాసేపు మాట్లాడి వచ్చాడు. దగ్గరికి రాలేదట. రాకపోవడమే న్యాయం అన్నాడు.

ఇక మిగిలింది డెస్. కొనేవాణ్ణి కుదిర్చేశానని ఫోన్‌లో చెప్పి, ఆ వారంలోనే ఇంటికొచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. గ్లెనిస్ టీ పోసింది.

"కింగ్ ఐలండ్ వాడురా. నీ ఆవులన్నీ పడవెక్కి షికారు వెళ్తాయి. మొత్తం మంద ఒకే చేతికి. నన్ను పొగడవేం?"

"అమ్మడం లేదు డెస్."

"ధర పెంచుతున్నావా? నాకే నేర్పుతావురా బేరం?"

"లేదు. అమ్మను. అంతే."

"మోకాళ్ళు?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. కొత్త మాత్రలు వాడాను, నొప్పి తగ్గింది అంటే సరిపోయేది. డెస్ రెండు జోకులు వేసి వెళ్ళిపోయేవాడు. లాయిడ్ టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. మోకాళ్ళ పేరు చెప్పి మందని దాదాపు ఊరు దాటించాడు. ఇంకో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నాకు డిప్రెషన్ డెస్. ఏళ్ళ నుంచి మాత్రలు వాడుతున్నా. బాగున్నాను కదా అని ఒక్కసారిగా ఆపేశా, పిచ్చెక్కినంత పనైంది. అరుపులు, ఏడుపులు. ఆవుని కొట్టాను. జబ్బే తిరగబెట్టిందనుకుని నీకు ఫోన్ చేశా. జబ్బు కాదట. మందు ఉన్నపళాన ఆపితే అలా అవుతుందట. మళ్ళీ మొదలుపెట్టా, తగ్గింది."

గ్లెనిస్ టీ పాత్ర పట్టుకుని అలాగే నిలబడింది. క్లబ్బులో డెస్ ఈ కథని ఎలా చెబుతాడో ఆమె ముందే ఊహించుకుంది. డెస్ ఏ జోకూ వెయ్యలేదు.

"అరుపులా?" అన్నాడు.

"చెంచా చప్పుడైనా సరే."

"తల లోపల ఏమైనా… కొట్టినట్టు?"

"కరెంటు తీగలా. కళ్ళు తిప్పితే."

డెస్ కప్పు కింద పెట్టాడు. పెట్టిన చోటునే చూస్తూ ఉండిపోయాడు.

"రోవీనా వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోయిందిరా," అన్నాడు. రోవీనా అతని భార్య. "డెవన్‌పోర్ట్‌లో ఉంది. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు నేను."

"ఎప్పుడు?" అంది గ్లెనిస్.

"ఈస్టర్ పండగప్పుడు ఇలాంటి మాత్రలే మానేసింది. నేనే మానెయ్యమన్నా. నీకేం తక్కువని ఆ మాత్రలు, నన్ను చూడు, నేను వాడుతున్నానా అన్నా. సరే నీ కోసం అని మానేసింది. ఆ తర్వాత ఇంట్లో నిలవలేకపోయా. తల లోపల ఏదో కొడుతోందని చెప్పింది, నాటకాలన్నా. రాత్రంతా ఏడ్చేది, పొద్దున్నే నా మీద పడి అరిచేది. మందు లేకపోతే నీ అసలు రంగు ఇదన్నమాట అన్నాను. మొహం మీదే అన్నాను. ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుంది."

డెస్ లేచాడు, టోపీ కోసం వెతికాడు, అది అతని చేతిలోనే ఉంది.

"ఫోన్ ఎత్తడం లేదు," అన్నాడు గుమ్మం దగ్గర. "వెళ్తే తలుపు తీస్తుందో లేదో. వెళ్ళి ఏమనాలిరా?"

లాయిడ్ కూడా లేచి అతని దగ్గరికి వెళ్ళాడు. అరవై ఏళ్ళ ఆ ఇద్దరూ స్కూలు రోజుల తర్వాత ఒకరినొకరు ముట్టుకున్నది లేదు. లాయిడ్ అతని భుజం పట్టుకున్నాడు.

"నువ్వు అన్న మాట తప్పని చెప్పు. తలుపు తియ్యకపోతే తలుపుకే చెప్పు. తల లోపల కొడుతోందంటే నమ్ముతున్నానని చెప్పు. డాక్టరు సంగతి ఆ తర్వాత."

డెస్‌కి ఆ రోజు పడమటి పొలాల్లో ఇంకో బేరం ఉంది, అక్కడ వాళ్ళు అతని కోసం ఎదురుచూస్తున్నారు. గేటు దాటాక బండి కాసేపు రోడ్డు మీద ఆగిపోయింది. కిటికీలోంచి గ్లెనిస్, లాయిడ్ చూస్తూ నిలబడ్డారు. బండి తూర్పుకి, డెవన్‌పోర్ట్ వైపు తిరిగింది.